‘నుంచి’ వినబడితే ‘హావ్’

విశాఖలో ఒక హోటల్ రిసెప్షన్‌లో కొత్తగా చేరినప్పుడు, ఒక విదేశీ అతిథిని ‘మీరు వచ్చి ఎన్నాళ్ళయింది?’ అని అడగాలనుకున్నాను. ‘హౌ లాంగ్ ఆర్ యు హియర్ ఫర్?’ అన్నాను. ఆయన ‘అంటిల్ ఫ్రైడే’ అన్నారు. ఎప్పటిదాకా ఉంటారో చెప్పారన్నమాట. ఆయన తప్పేమీ లేదు, నా ప్రశ్నకు అర్థమే అది. నేను అడగాల్సింది ‘హౌ లాంగ్ హావ్ యు బీన్ హియర్?’ అని.

ఇప్పుడు ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగాలకు వెళ్ళే పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ప్రెజెంట్ సింపులా (‘డు యు...?’), ప్రెజెంట్ పర్ఫెక్టా (‘హావ్ యు...?’) అని టెన్షన్ పడేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ముందు ప్రశ్నను తెలుగులో అడిగి చూసుకోండి. తేడా అక్కడే చాలావరకు తెలిసిపోతుంది.

‘అరకు వెళ్తుంటారా?’ అంటే అలవాటు గురించి. ‘డు యు ఎవర్ గో టు అరకు?’ చాలు. ‘ఎప్పుడైనా అరకు వెళ్ళారా?’ అంటే ఇప్పటిదాకా ఒక్కసారైనా వెళ్ళారా అని. అది ‘హావ్ యు ఎవర్ బీన్ టు అరకు?’. అలాగే ‘చేపలు తినరా?’కి ‘డోంట్ యు ఈట్ ఫిష్?’, ‘ఇంకా తినలేదా?’కి ‘హావెంట్ యు ఈటెన్ యెట్?’. ‘తినరా’, ‘తినలేదా’ మనం ఎప్పుడూ కలిపేయం కదా, ఇంగ్లీషులోనూ కలపక్కర్లేదు.

తెలుగు మనల్ని పక్కదారి పట్టించేది ‘నుంచి’ దగ్గర. ‘ఎన్నేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నారు?’లో క్రియ ‘చేస్తున్నారు’ కాబట్టి, ‘సిన్స్ హౌ మెనీ ఇయర్స్ ఆర్ యు వర్కింగ్ హియర్?’ అని నోటికి వచ్చేస్తుంది. ఎప్పుడో మొదలై ఇంకా నడుస్తున్న పనికి ఇంగ్లీషులో ‘హావ్’ కావాలి: ‘హౌ లాంగ్ హావ్ యు బీన్ వర్కింగ్ హియర్?’

ఇంకా కష్టమైనది ‘తెలుసు’. నిన్నా తెలుసే, ఇవాళా తెలుసే, ఆ మాట కాలాన్ని బయటపెట్టదు. అందుకే ‘ఆయన మీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?’ని బాగా చదువుకున్నవాళ్ళు కూడా ‘హౌ లాంగ్ డు యు నో హిమ్?’ అనేస్తారు. ‘డు యు నో హిమ్?’ మంచి ప్రశ్నే, ఆయన తెలుసా అని అడిగేటప్పుడు. ‘ఎన్నాళ్ళ నుంచి’ చేరగానే ‘హౌ లాంగ్ హావ్ యు నోన్ హిమ్?’ కావాలి. మా క్లాసులో దీన్ని ఇరవైసార్లు పైకి అనిపిస్తాను. చెవికి అలవాటైతే ‘డు’ దానంతటదే ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

‘ఎప్పుడు వచ్చారు?’ మాత్రం ఈ ‘డు’, ‘హావ్’ రెండింటిలోకీ రాదు. ‘వెన్ హావ్ యు కమ్?’ అనకండి. వచ్చిన సమయం అడుగుతున్నారు కాబట్టి ‘వెన్ డిడ్ యు కమ్?’ అనే అడగాలి.