క్రిస్మస్ రోస్ట్ ముందుగానే – మూడో పాఠం: దుంపల్లో తడి

క్రిస్మస్ రోస్ట్ అంటే ఓవెన్‌లో కాల్చిన టర్కీ కోడి, వేయించిన బంగాళాదుంపలు, వాటి మీద పోసుకునే చిక్కటి మాంసరసం, అదే గ్రేవీ. వీటిలో ముందే చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోగలిగినవి పెట్టుకోవడమే ఈ పాఠాల పని. దుంపల దగ్గరికి వెళ్లేముందు పోయిన పాఠంలో చెప్పిన గ్రేవీ సంగతి తేల్చాలి. ఫ్రీజర్‌లోంచి తీస్తే విరిగిన మజ్జిగ పులుసులా నీళ్లు వేరు, గడ్డలు వేరు అయిపోయిందని చాలామంది చెప్పారు. ఆరా తీస్తే అందరిదీ ఒకటే కథ. ముందే కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబరిచి, అప్పుడు ఫ్రీజ్ చేశారు. ‘చిక్కబరిచేది పండగ రోజునే’ అని ఒక్క ముక్క రాసి వదిలేశాను, కారణం చెప్పలేదు. అది నా పొరపాటే.

కార్న్‌ఫ్లోర్ వేడికి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. గ్రేవీ చిక్కబడేది అందుకే. గడ్డకట్టి మళ్లీ కరిగేటప్పుడు పీల్చుకున్న నీళ్లు వదిలేస్తుంది. కాబట్టి ఫ్రీజర్‌లోకి వెళ్లాల్సింది స్టాక్ ఒక్కటే. కోడి రెక్కలు ఓవెన్‌లో ఎర్రగా వేయించి, కాచి వడకట్టిన నీళ్లే స్టాక్, వాటిని పల్చగానే ఉంచండి. పండగ రోజు టర్కీ ట్రేలో మిగిలిన కొవ్వులో రెండు చెంచాల మైదా వేయించి, ఆ స్టాక్ కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే పది నిమిషాల్లో గ్రేవీ తయారు. ఇప్పటికే కార్న్‌ఫ్లోర్ కలిపేసినవాళ్లు పారబోయకండి. బాగా మరిగించి విస్క్‌తో గట్టిగా గిలక్కొడితే చాలావరకు దారికొస్తుంది.

ఇంకో ఫిర్యాదు ఉప్పు. స్టాక్ రెండు లీటర్లది ఒక లీటరు అయ్యేదాకా మరిగిస్తాం కదా, మొదట్లో వేసిన ఉప్పు ఆఖరికి రెట్టింపు ఘాటుగా తగులుతుంది. పైగా టర్కీ రసంలో ఉండే ఉప్పు కూడా వచ్చి కలుస్తుంది. స్టాక్‌లో ఉప్పు వేయనే వద్దు. వేసేశారా? ఉప్పు లేని స్టాక్ ఇంకో అర లీటరు కాచి కలపండి. అల్లం వెల్లుల్లి ముద్ద వేశామన్నవాళ్లకు ఒక్కటే మాట: దాన్ని కోడికూరకు వాడుకుని, దీనికి మళ్లీ మొదలుపెట్టండి.

మైదా డబ్బా కూడా ఇప్పుడే చూసుకోండి. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో 280 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు క్రిస్మస్ రోజున తెరవకూడదని 2004 నుంచి చట్టమే ఉంది. ఆ మధ్యాహ్నం ఏది అయిపోయినా సూపర్‌మార్కెట్‌కి పరిగెత్తే వీల్లేదు.

ఇక దుంపలు. ఎనిమిది మందికి రెండు కిలోలు. రకం మారిస్ పైపర్ లేదా కింగ్ ఎడ్వర్డ్. మొదటిది 1966లో మార్కెట్‌లోకి వచ్చింది, రెండోది 1902 నుంచీ ఉంది. రెండూ పిండిగా విచ్చుకునే రకాలు. అమెరికాలో ఉన్నవాళ్లు రసెట్ తీసుకోండి. సలాడ్‌కని అమ్మే చిన్న దుంపలు దీనికి పనికిరావు. తొక్క తీయడం, కోయడం మీకు నేను నేర్పక్కర్లేదు. ముక్క మాత్రం పెద్ద నిమ్మకాయంత ఉండాలి. ఉప్పు వేసిన చన్నీళ్లలో వేసి, మరుగు పట్టాక 8 నుంచి 10 నిమిషాలు ఉడికించండి. కత్తి మొన అంచులో దిగాలి, నడుమ కాస్త అడ్డుకోవాలి.

అందరూ తప్పుచేసేది ఇక్కడే. నీళ్లు వంపేసి, పొగలు కక్కుతున్న దుంపల్ని అలాగే నూనెలో వేసేస్తారు. తర్వాత ‘ఓవెన్ పాడైందేమో, కరకరలాడట్లేదు’ అంటారు. తప్పు ఓవెన్‌ది కాదు, తడిది. దుంప పైన తడి ఉన్నంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడాలంటే 140 పైమాటే కావాలి. అంటే ఓవెన్ మొదటి పావుగంట ఆ నీళ్లు ఎగరగొట్టడానికే సరిపోతుంది, ఈలోగా దుంప నూనె తాగేస్తుంది. మన వేపుడే గుర్తుచేసుకోండి. మూకుడు మీద మూత పెడితే ముక్క మెత్తబడుతుంది, తీస్తే వేగుతుంది. ట్రేలో దుంపలు ఒకదాని మీద ఒకటి కుక్కితే మూత పెట్టినట్టే. కడిగిన ట్రే తుడవకుండా వాడినా తడే. ఫ్రీజర్ దుంపల్ని కరగబెట్టి వేసినా తడే.

అందుకని చిల్లుల గిన్నెలో వంపాక పది నిమిషాలు కదపకండి. ఆవిరి పైకి లేచి సన్నగిల్లుతుంది. నిగనిగలాడే ముక్కలు కాస్త పాలిపోయి, అంచుల్లో సున్నం కొట్టిన గోడలా తెల్లగా పొడిబారతాయి. ఆ తెలుపు కనిపించేదాకా ఆగాలి. అప్పుడు గిన్నెలో తిరిగి వేసి, మూతపెట్టి నాలుగుసార్లు ఊపండి. అంచులు రేగి గరుకుగా అవుతాయి. నేను ఇక్కడ రెండు చెంచాల బొంబాయి రవ్వ చల్లుతాను. ఆ రవ్వే కరకరలాడుతుంది. ఇంగ్లిష్‌వాళ్లు బాతు కొవ్వు వాడతారు, నాకు నెయ్యే నచ్చుతుంది. మీరు బాతు కొవ్వు వాడితే మాత్రం, శాకాహారులు, ధనుర్మాసమని నీసు మానేసినవాళ్లు ఇంటికొస్తే వాళ్లకు నూనెతో వేరే ట్రే పెట్టండి.

కరిగిన నెయ్యి పట్టించి, పూర్తిగా చల్లారాక ట్రేలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. నాలుగు గంటల తర్వాత సంచిలోకి తీసేయండి. నెలరోజులు బాగుంటాయి. పండగ రోజు టర్కీ ఓవెన్‌లోంచి బయటికొచ్చి, కోసేముందు గంట, గంటంపావు సేదతీరుతుంది కదా, అప్పుడు ఓవెన్ ఖాళీ. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఓవెన్ కాబట్టి నా లెక్కంతా ఆ గంట చుట్టూనే తిరుగుతుంది. 220 డిగ్రీలు, ఫ్యాన్ ఉంటే 200. ముందు ట్రేలో నెయ్యి పది నిమిషాలు కాగనిచ్చి, గడ్డకట్టిన దుంపల్ని జాగ్రత్తగా, చిటపటలాడతాయి కాబట్టి చెంచాతో దింపండి. 55 నుంచి 60 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు తిప్పాలి.

ఈ వారం అభ్యాసం. కిలో దుంపలు ఉడికించి రెండు సమాన భాగాలు చేయండి. ఒక భాగం వంపిన వెంటనే నూనెలోకి. రెండోదాన్ని వంపగానే తూచి, పది నిమిషాలు ఆరాక మళ్లీ తూచి, రెండు అంకెలూ రాసుకోండి. అప్పుడు నూనెలోకి. రెండూ ఒకే సమయం వేయించి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్ల ముందు పెట్టి, ఏ గిన్నె ముందు ఖాళీ అవుతుందో చూడండి.

నాలుగో పాఠం టర్కీ. గడ్డకట్టినది కొన్నవాళ్లకు ఒక్క ముందస్తు మాట: ఫ్రిజ్‌లో కరగడానికి కిలోకి 10 నుంచి 12 గంటలు పడుతుంది. 5 కిలోల టర్కీ అయితే 22వ తేదీ రాత్రి 8 కల్లా ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మారాలి.