సంఘంలో పాట ఎత్తుకునేవాళ్లకు

చిత్తూరులో మా చర్చి సంఘంలో నేను పాటలు నడిపించబట్టి 19 ఏళ్లయింది. ఈమధ్య కాలేజీ పిల్లలు వచ్చి, "అక్కా, పాస్టరు అయ్యగారు వచ్చే ఆదివారం నన్ను ఆరాధన నడిపించమన్నారు, టెన్షన్‌గా ఉంది" అంటున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు శ్రుతి చూసుకోండి. చాలామంది యూట్యూబ్‌లో పాట విని, అదే స్కేల్‌లో, అంటే అదే శ్రుతిలో, నేర్చుకుని వచ్చేస్తారు. అక్కడ పాడినవాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు. చరణంలో వాళ్ల గొంతు ఎంత పైకి వెళ్తే మనకు అంత బాగుంటుంది. కానీ చాప మీద కూర్చున్న అవ్వకు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా గుడికి వచ్చిన అన్నకు ఆ ఎత్తు అందదు. కాబట్టి ఇంట్లోనే పాటంతా ఒకసారి పాడి, అందులో అన్నిటికన్నా పై స్వరం ఎక్కడ వస్తుందో పట్టుకోండి. పల్లవి తేలిగ్గా ఉందని మోసపోవద్దు, ఆ స్వరం చాలాసార్లు చరణంలో ఉంటుంది. అది కీబోర్డు నడుమ ఉండే సి స్వరం (మధ్య సి) తర్వాత వచ్చే పై సి దగ్గర ఆగాలి, మహా అయితే డి. దాటితే స్కేల్ దించండి. అలాగని మరీ దించకూడదు. మధ్య సి కింద ఉన్న ఎ కన్నా దిగితే ఆడవాళ్ల గొంతు వినపడదు. మగవాళ్లు ఎలాగూ అదే పాటను ఒక స్థాయి కింద పాడుకుంటారు.

పొద్దున ఆరాధనకు నేను ఇంకో అర మెట్టు దించుతాను, అప్పటికి ఎవరి గొంతూ విచ్చుకోదు. మామిడికాయల సీజన్‌లో అయితే తప్పకుండా దించుతాను. గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన అక్కలు మా సంఘంలో ఉన్నారు.

ఇదంతా నాకు ఒక ఈస్టరు రోజు తెలిసింది. కొత్త పాట ఒకటి రికార్డింగ్‌లో ఉన్న స్కేల్‌లోనే ఎత్తుకున్నాను. పల్లవి అందరూ అందుకున్నారు. చరణం పైకి వెళ్లగానే ఒక్కొక్కరే ఆగిపోయారు. ఎప్పుడూ మూడో వరసలో కూర్చునే అవ్వ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత కళ్లద్దాలు తీసి, మడిచి, పెట్టెలో పెట్టుకుంది. మైకులో నా గొంతు ఒక్కటే మిగిలింది. పాడుతూనే నాకు ఏడుపొచ్చింది. దేవుని సన్నిధికి పాడాలని వచ్చిన ఆమె నోరు నేనే కట్టేశాను కదా అనిపించింది.

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు మైకు పక్కకు దించి, ఒక్క లైను పాడకుండా వింటాను. సంఘం గొంతు నిండుగా వినిపిస్తే సరే. పలచబడితే తర్వాతి పాటకు స్కేల్ దించమని కీబోర్డు తమ్ముడికి సైగ చేస్తాను. స్కేల్ మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కిన ప్రతిసారీ పాట అయిపోగానే దాన్ని సున్నాకు తెచ్చే బాధ్యత అతనిదే. అది మరిచిపోతే తర్వాతి పాట ఎక్కడో కింద మొదలవుతుంది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడేటప్పుడు పాట పైన అచ్చు వేసిన రాగం, తాళం పేర్లు చదవండి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారిలాంటివాళ్లు ఆ కీర్తనలను మన రాగాల్లో, మన తాళాల్లో కట్టారు. కొన్ని దెబ్బ మీద మొదలవవు, అర దెబ్బ ఆగి మొదలవుతాయి. కీబోర్డులో ఉన్న ఆటో రిథమ్ వేస్తే ఆ ఎత్తుగడ చెడిపోతుంది. తబలా గానీ డోలక్ గానీ ఉంటే చాలు, అదీ లేకపోతే చప్పట్లు. చప్పట్లు మొదలైతే మాత్రం పాట పరుగెత్తుతుంది. వేగం తగ్గించమని మైకులో చెప్పకండి. మీ చేతిని కొంచెం పైకెత్తి నిదానంగా కొట్టండి, ముందు వరస చూసి సర్దుకుంటుంది.

పాట నంబరు రెండుసార్లు చెప్పి ఆగండి. కుర్రవాళ్లు స్క్రీన్ చూస్తారు, పెద్దవాళ్లు పాత క్యాలెండరు కాగితం అట్ట వేసిన పుస్తకం తిప్పుతారు. ఆ పేజీల చప్పుడు ఆగాకే ఎత్తుకోండి. మా సంఘంలో చదువు రానివాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కోసం ప్రతి చరణం ముందు దాని మొదటి రెండు మాటలు చెబుతాను. రెండు మాటలు చాలు, లైనంతా చెబితే తాళం తప్పుతుంది.

కొత్త పాట నెలకు ఒకటే. దాన్ని శుక్రవారం కూడికలో వాయిద్యాలు లేకుండా నేర్పిస్తాను. వాక్యం తర్వాత పాడే పాట మీ ఇష్టం కాదు, ప్రసంగం దేని మీదో అయ్యగారిని ముందే అడగండి. ప్రభు బల్ల రోజు, అంటే అందరూ వరసగా వచ్చి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు, చరణాలు ఎక్కువున్న పాట పెట్టుకోండి. వరసలో ఆఖరి మనిషి తిరిగి కూర్చునేదాకా మెల్లగా పాడుతూ, అప్పుడు నడుస్తున్న చరణం పూర్తిచేసి ఆపాలి, మధ్యలో తెంచకూడదు. కరెంటు పోతే ఆగొద్దు, గొంతుతో పాట నడవనీయండి. కరెంటు రాగానే సౌండ్ పెంచొద్దని సిస్టమ్ దగ్గరున్న తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే చోట అవ్వ దగ్గరికి వెళ్లి, "పాట అందిందా అవ్వా?" అని అడుగుతాను. పోయిన వారం, "రెండోది బాగా అందింది మ్మా, ఆఖరిదానికి గుక్క చాల్లేదు" అంది. నా నోటుబుక్కులో ఆ పాట నంబరు పక్కన ఎఫ్ కొట్టేసి ఇ అని రాసుకున్నాను.