పాత టీం ఫొటో నుంచి ఒక సీజన్‌ను వెలికి తీయడం ఎలా

మా తాతయ్య కాలేజీ ఫుట్‌బాల్ టీంతో దిగిన ఫొటో నాయనమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. దాన్ని పట్టుకుని ఆ ఏడాది మ్యాచులను ఒక్కొక్కటిగా నోట్‌బుక్‌లో ఎక్కించాను. మీ ఇంట్లోనూ నిజాం కాలం నాటి ఇలాంటి ఫొటో ఉంటే, ముందు బంతిని చూడండి.

కెప్టెన్ కాళ్ల దగ్గరున్న తోలు బంతి మీద, లేసు కుట్టు పక్కనే, తెల్లరంగుతో ఉర్దూ అంకెల్లో 1353 అని ఉంది. హిజ్రీ, అంటే ముస్లింల చాంద్రమాన సంవత్సరం అనుకుని వారం రోజులు 1934 నాటి పత్రికలు తిరగేశాను. అప్పటికి తాతయ్యకు పదేళ్లే! అది ఫసలీ సంవత్సరం. అప్పట్లో హైదరాబాద్ రాజ్యంలో సర్కారు లెక్క అదే, ఏడాది అక్టోబరులో మొదలయ్యేది. ఇంగ్లిష్ సంవత్సరం తెలియాలంటే దానికి, మొదటి మూడు నెలలైన అజుర్, దై, బహ్మన్‌లకైతే 590, మిగతా నెలలకు 591 కలపండి. 1353 అంటే 1943 అక్టోబరు నుంచన్నమాట. అంకె పక్కన ఉర్దూ 'ఫే' అక్షరం ఉంటే అనుమానమే లేదు. లేకపోతే మనిషి వయసుతో సరిచూసుకోండి.

తర్వాత పాదాలు చూడండి. మా ఫొటోలో సగం మందికి బూట్లు లేవు, మడమ చుట్టూ గుడ్డపట్టీలే. డబ్బులేని టీం అని రాసేయకండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో కూడా మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు.

పత్రికల కోసం అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి, అంటే పాత ఆసఫియాకు వెళ్లండి. ఉర్దూ చదవగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి. టీం పేర్లు వరుసగా ఉంటాయి: గోల్‌కీపర్, ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు. చివరి పేరు లెఫ్ట్ అవుట్‌ది, అంటే ఎడమ అంచున ఆడే ఫార్వర్డ్‌ది, తాతయ్య ఆడింది అక్కడే.

ఇంట్లో పెద్దవాళ్లను ప్రశ్నలతో తొందరపెట్టకండి. ఫొటో చేతికిచ్చి ఊరుకోండి. నాయనమ్మ చాలాసేపు చూసి, వెనక వరుసలో మూడో మనిషి మీద వేలు పెట్టింది.

"ఈయన మా లగ్గానికి సైకిల్ మీద వచ్చిండు. అప్పటికి గూడ కుంటుకుంటనే నడిచేటోడు."

అంతకుముందే నేను ఒక మ్యాచ్‌ను 0-4 ఓటమి అని రాసి వదిలేశాను. మళ్లీ వెళ్లి ఆ వార్త పూర్తిగా చదివించుకున్నాను. నాయనమ్మ చూపించిన ఆయన హాఫ్‌బ్యాక్, మొదటి సగంలోనే మోకాలికి దెబ్బ తగిలి బయటికి వెళ్లాడట. బదులు ఆటగాణ్ని దింపే వీలు ఆ రోజుల్లో లేదు. ఇప్పుడు నోట్‌బుక్‌లో ఆ స్కోరు పక్కన 'పదిమందితో ఆడారు' అని ఉంది.