వైరస్ హెచ్చరికల గోల ఇలా ఆగింది

పైరసీ సైట్‌లో సినిమా చూసినప్పటి నుంచి తమ్ముడి ఫోన్‌లో "మీ ఫోన్‌కి వైరస్ సోకింది" అంటూ ఆగకుండా నోటిఫికేషన్లు, వాడికి ఒకటే టెన్షన్. అది వైరస్ కాదు. వీడియో రావాలంటే 'అలో' నొక్కమని చెప్పి ఆ సైట్ నోటిఫికేషన్ల పర్మిషన్ కొట్టేసిందంతే. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి ముక్కూమొహం తెలియని పేర్లన్నీ తీసేస్తే గోల ఆగింది.

అసలు భయం డౌన్‌లోడ్స్‌లో పడున్న 'ప్లేయర్' ఏపీకే ఫైల్‌తో (యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్). అలాంటివి ఇన్‌స్టాల్ చేసి అడిగిన పర్మిషన్లన్నీ ఇస్తే ఓటీపీలు కూడా చదివేయగలవు. దాన్ని డిలీట్ చేసి, ప్లే స్టోర్‌లో ఉండే ప్లే ప్రొటెక్ట్‌తో ఫోన్‌ని స్కాన్ చేశా.

ఫ్రీగానే చూడాలంటే యూట్యూబ్‌లో నిర్మాణ సంస్థల సొంత ఛానెళ్లలో పూర్తి సినిమాలు బోలెడు, మధ్యలో యాడ్స్ భరించాలి, కొత్తవైతే ఓటీటీలోకి వచ్చేదాకా ఆగాలి.