గురక ఉన్నవాళ్లకి మత్తు ఇస్తున్నారా? ముందే ఇవి చూసుకోండి

"చిన్న ప్రొసీజరే, కాస్త నిద్రమత్తు ఇస్తారంతే" అనగానే చాలామందికి టెన్షన్ పోతుంది. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అక్కడే జాగ్రత్త పడాలి. పూర్తి మత్తులో చాలాసార్లు శ్వాసనాళంలో గొట్టం వేస్తారు కాబట్టి గాలికి దారి ఉంటుంది. సెడేషన్‌లో, అంటే ఈ నిద్రమత్తులో ఆ గొట్టం ఉండదు, గొంతు కండరాలు వదులైపోయి నాలుక వెనక్కి జారితే దారి మూసుకుపోతుంది. ఇంట్లో నిద్రలో ఇలా అయితే మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. మిడజోలమ్, ప్రొపోఫాల్, ఫెంటానిల్ లాంటి మందులు పడ్డాక ఆ మెలకువే సరిగా రాదు, అసలు ప్రమాదం ఇదే.

అందుకే ఎండోస్కోపీ అయినా, పంటి పని అయినా, స్లీప్ ఆప్నియా ఉందని మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి. పరీక్ష చేయించుకోలేదు, ఉందో లేదో తెలియదు అంటారా? పక్కన పడుకునేవాళ్లని అడగండి, గురక మధ్యలో ఊపిరి ఆగడం వాళ్లే చూసుంటారు. గట్టి గురక, పగలంతా అలసట, నిద్రలో ఊపిరి ఆగడం, బీపీ, బరువు, 50 దాటిన వయసు, మెడ లావు, మగవాళ్లు కావడం, ఈ 8 విషయాలతోనే స్టాప్-బ్యాంగ్ అనే ప్రశ్నావళి ఉంది. అందులో 5 లేదా అంతకన్నా ఎక్కువ అవునంటే రిస్క్ ఎక్కువ అని లెక్క. ఆ భాగం వరకే తిమ్మిరెక్కించి పని కానివ్వొచ్చా అని కూడా అడగండి, కుదిరితే అదే మేలు.

సీప్యాప్ (నిద్రలో మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపి దారి తెరిచి ఉంచే మిషన్) వాడేవాళ్లు మిషన్‌తో పాటు మీ సొంత మాస్క్ కూడా తీసుకెళ్లండి, ముందు రాత్రి మానొద్దు. మద్యం తాగొద్దు. నిద్రమాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి.

మత్తులో ఉన్నంతసేపూ కాప్నోగ్రఫీ (ఊపిరిని గమనించే మానిటర్) పెడతారా అని అడగడానికి మొహమాటపడకండి. వేలికి పెట్టే క్లిప్పు ఆక్సిజన్ తగ్గాకే మోగుతుంది, పైగా ముక్కుకి ఆక్సిజన్ పెట్టి ఉంటే ఊపిరి ఆగినా కొంతసేపు అంకె బాగానే కనిపిస్తుంది. బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని చూసే కాప్నోగ్రఫీలో మాత్రం గాలి ఆగిన వెంటనే గీత పడిపోతుంది. ఛాతీ, పొట్ట ఎగసిపడుతున్నా ముక్కు దగ్గర గాలి ఆడకపోతే దారి మూసుకుపోయినట్టే, గురక ఉన్నట్టుండి ఆగిపోయినా తేలిగ్గా తీసుకోకూడదు. అప్పుడు డాక్టర్లు దవడ మూలల వెనక వేళ్లు పెట్టి ముందుకి నెడతారు, ముక్కులోంచి మెత్తటి గొట్టం వేస్తారు. తల ఎత్తుగా ఉంచడం, కుదిరితే పక్కకి తిప్పి పడుకోబెట్టడం మొదటి నుంచీ సాయపడతాయి.

పని అయిపోయాక అందరూ తేలికపడతారు గానీ, మత్తు దిగేటప్పుడు, మొదటి రాత్రి ఇంకా భయమే. వెల్లకిలా పడుకోకుండా తల ఎత్తుగా పెట్టుకోవాలి, పగలు కునుకు తీసినా సీప్యాప్ ఉండాలి. నొప్పికి మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి రాస్తే, పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవచ్చా అని అడగండి. మత్తుకి విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారంటే ఇంటికి తొందరపడొద్దు, దాని పవర్ తగ్గాక మత్తు మళ్లీ కమ్ముకోవచ్చు. పెద్ద ఆపరేషన్ అయితే మూడో రాత్రి దాకా ఈ జాగ్రత్త ఉండాల్సిందే.

ఇంట్లో ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. పిలిచినా, తట్టినా సరిగా లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పెద్ద గ్యాప్ వస్తున్నా, పక్కకి తిప్పి, గడ్డం పైకెత్తి వెంటనే అంబులెన్స్ పిలవండి.