విత్తనాలు ఏళ్ల తరబడి మొలకశక్తి కోల్పోకుండా దాచడం ఎలా?

తోటలో తీసిన విత్తనాలను సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే చాలని నమ్మేవారు చాలామంది. రెండేళ్ల తరువాత నాటినప్పుడు పదింటిలో ఒకటో రెండో మొలుస్తాయి, విత్తనం పాతబడిపోయిందని సరిపెట్టుకుంటారు. అలా పోయిన విత్తనాలను నేను ఎన్నోసార్లు చూశాను. వాటిలో ఎక్కువ భాగం వయసు వల్ల కాక, లోపల మిగిలిన తేమ వల్లే చచ్చిపోయాయి. విత్తనం నిద్రపోతున్న జీవి. లోపల తేమ ఉన్నంతసేపూ అది శ్వాసిస్తూ, తనలో దాచుకున్న ఆహారాన్ని కరిగించుకుంటూనే ఉంటుంది. ఆ శ్వాసను వీలైనంత నెమ్మదింపజేయడమే మనం చేయవలసిన పని, దానికి చలి కంటే ముందు కావలసింది గింజ బాగా ఆరడం.

ముందుగా ఒక హెచ్చరిక. మామిడి, పనస, లీచీ, కోకో వంటి వాటి గింజలు ఆరితే చచ్చిపోతాయి కాబట్టి వాటిని దాచడానికి ప్రయత్నించకుండా తాజాగానే నాటాలి. ఇక్కడ చెప్పేదంతా కూరగాయలు, పూలు, ధాన్యాలు, పప్పుజాతుల వంటి, ఆరబెట్టినా తట్టుకునే విత్తనాల గురించే.

కావలసిన సామగ్రి కొద్దిపాటిదే: రబ్బరు వాచరుతో బిగుసుకునే మూత ఉన్న గాజు సీసాలు, కాగితపు పొట్లాలు, సిలికా జెల్ (తేమను పీల్చుకునే పూసలు), పెన్సిలు. పలుచని ప్లాస్టిక్ సంచులను వాడకూడదు, వాటి గుండా తేమ మెల్లగా లోపలికి వస్తుంది. పొట్లం మీద పెన్సిలుతోనే రాయాలి, ఎందుకంటే పెన్ను సిరా కొన్నేళ్లకు వెలిసిపోతుంది.

విత్తనాన్ని పూర్తిగా ముదిరిన కాయ నుంచే తీయాలి. వంకాయ పసుపురంగుకు తిరగాలి, బెండకాయ మొక్క మీదే ఎండి గలగలమనాలి, దోస కూరకు పనికిరానంతగా పండాలి. టమాటా గింజలను గుజ్జుతో సహా రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, తేలిన తాలు గింజలను పారబోయాలి.

ఇక ఆరబెట్టడం. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది.

గింజ తన చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న కాలంలో పళ్లెంలో నెల రోజులు ఆరబెట్టినా చాలా రకాల గింజల్లో తేమ 12 శాతం కంటే దిగదు. చేతికి పొడిగానే తగులుతుంది, కాని దాచడానికి అది పనికిరాదు. మనకు కావలసింది 5 నుంచి 7 శాతం. హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ప్రకారం 14 నుంచి 5 శాతం మధ్యలో తేమ ఒక్కో శాతం తగ్గే కొద్దీ విత్తనం ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, నిల్వ చేసే చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా దాదాపు అంతే. అంటే గింజను 12 నుంచి 7 శాతానికి ఆరబెట్టినవారు ఆయుష్షును ఐదుసార్లు రెట్టింపు చేసినట్లే, ఏ ఫ్రిజ్ అవసరమూ లేకుండా. మృత సముద్రం ఒడ్డున మసాడా కోట శిథిలాల్లో దొరికిన సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజను 2005లో నాటగా మొలిచింది. అది వేడి ప్రాంతమే, కాని గాలి ఎంతో పొడిగా ఉంటుంది.

తొందరపడి ఎర్రటి ఎండలో, కాలే గచ్చు మీద గింజలను పరచడం నేను చూసినంతలో అతి పెద్ద తప్పు. తడి గింజకు 40 డిగ్రీలు దాటిన వేడి తగిలితే లోపలి పిండం దెబ్బతింటుంది, పైకి ఏమీ తెలియదు. ఓవెన్ జోలికి అసలే పోకూడదు. పలుచగా పరచి, నీడలో, గాలి తగిలేలా, రోజుకు రెండుసార్లు కలియబెడుతూ వారం పది రోజులు ఉంచాలి. ఇది మొదటి అంచె మాత్రమే.

రెండో అంచె సిలికా జెల్. గింజలను కాగితపు పొట్లాల్లో పోసి, వాటి బరువుకు సమానమైన సిలికా జెల్‌తో కలిపి సీసాలో పెట్టి మూత బిగించాలి. చిన్న గింజలకు వారం, చిక్కుడు వంటి పెద్ద గింజలకు రెండు వారాలు పడుతుంది. నారింజ రంగు పూసలు తేమ పీల్చుకుని రంగు మారితే వాటిని తీసి, వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడాలి. నీలం రంగు పూసల్లో హానికరమైన కోబాల్టు లవణం ఉంటుంది, కాబట్టి నారింజవే తీసుకోవాలి. సిలికా బదులు గుప్పెడు బియ్యం వేస్తే చాలని చెప్పేవారి మాట వినవద్దు. మామూలు బియ్యంలోనే 12 శాతం దాకా తేమ ఉంటుంది. బాగా వేయించి చల్లార్చిన బియ్యమైతే కొంత పనిచేస్తుంది గాని సిలికాకు సాటిరాదు.

ఆరినట్లు తెలుసుకోవడం ఎలా? గుమ్మడి, దోస గింజలను వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. చిక్కుడు గింజను సుత్తితో కొడితే నొక్కుపడకుండా ముక్కలవ్వాలి. చిక్కుడు, బెండ వంటివి మరీ ఎక్కువ ఆరితే పైపొర గట్టిపడి నీరు పీల్చుకోవు. అలాంటి వాటిని నాటే ముందు కొన్ని రోజులు మామూలు గాలిలో ఉంచాలి. బాగా ఆరిన గింజలను ఒక్కసారిగా నీళ్లలో నానబెడితే, నీరు పీల్చుకునేవి పగిలి పాడవుతాయి.

ఆరిన పొట్లాలను కొద్దిపాటి కొత్త సిలికాతో సీసాలో పెట్టి, వెలుతురు తగలని చల్లని చోట ఉంచాలి. పప్పుజాతి గింజల్లో పురుగు గుడ్లు ఉండే అవకాశం ఉంటుంది కాబట్టి, బాగా ఆరిన తరువాతే మూడు నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తీయాలి. ఆరని గింజను ఫ్రీజర్‌లో పెడితే లోపలి నీరు మంచుగా మారి కణాలను చీల్చేస్తుంది. 2008లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో ప్రారంభమైన ప్రపంచ విత్తన భాండాగారంలో మైనస్ 18 డిగ్రీల వద్ద దాచే విత్తనాలను కూడా ముందు బాగా ఆరబెట్టి, గాలి చొరని సంచుల్లో మూసే పంపుతారు. చలిలోంచి తీసిన సీసాను వెంటనే తెరవకూడదు. చల్లని గింజల మీద గాలిలోని ఆవిరి నీరుగా పేరుకుని ఇన్ని రోజుల శ్రమా వృథా అవుతుంది. గది వేడికి వచ్చేదాకా, కనీసం ఒక రాత్రి, మూతతోనే ఉంచాలి.

ఎంత జాగ్రత్తపడినా అన్నీ ఒకే తీరున నిలవవు. మామూలు నిల్వలో ఉల్లి ఒకటి రెండేళ్లకు మించదు, బెండ, మిరప రెండేళ్ల తరువాత తగ్గుతాయి, టమాటా, వంగ నాలుగేళ్లు, దోస అయిదేళ్లు బాగా మొలుస్తాయి. అందువల్ల ఏటా 20 గింజలను తడి కాగితంలో చుట్టి, వెచ్చని చోట పది రోజులు ఉంచి మొలకలు లెక్కపెట్టాలి. 14 మొలిస్తే 70 శాతం అన్నమాట, కొంచెం ఒత్తుగా విత్తుకుంటే సరిపోతుంది. పదికి తగ్గితే మరో ఏడాది ఆగకుండా ఆ రకాన్ని ఆ కాలంలోనే నాటి, కొత్త విత్తనం తీసి పెట్టుకోవాలి.