రొయ్యల గుంటలో ఎవరి ఎంగిలి ఎవరు తింటున్నారో ఎక్సెల్‌లో లెక్కేద్దాం

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు వెనామీ రొయ్య వేసినవాళ్లకి ఈ టెన్షన్ తెలిసిందే: అమోనియా దిగింది కదా అనుకునేలోపే ల్యాబ్ రిపోర్టులో నైట్రైట్ ఎక్కి కూర్చుంటుంది (రెండూ రొయ్యకి చేటే). నైట్రోసోమోనాస్ అనే బ్యాక్టీరియా అమోనియాని తిని నైట్రైట్ వదులుతుంది, ఆ ఎంగిలి మీద నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా లాంటివి బతికి దాన్ని నైట్రేట్ చేస్తాయి. మొదటిది తినందే రెండోదానికి కూడు లేదు.

కొత్త షీట్‌లో ఐదు కాలమ్‌లు పెట్టండి: రోజు, అమోనియా, మొదటి బ్యాక్టీరియా, నైట్రైట్, రెండో బ్యాక్టీరియా. అన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో, అమోనియా, నైట్రైట్ రెండూ నైట్రోజన్ లెక్కలో, లేకపోతే కూడికలు కలవవు. మొదటి వరసలో 0, 2, 0.01, 0, 0.005 వేయండి (నేను ఎంచుకున్న అంకెలే, మీ గుంటవి కావు).

ఇక సూత్రం, 1940ల్లో ఫ్రెంచ్ జీవశాస్త్రవేత్త జాక్ మోనో ఇచ్చింది: పెరిగే వేగం = గరిష్ఠ వేగం × తిండి ÷ (సగం స్థాయి + తిండి). సగం స్థాయి అంటే వేగం సగానికి వచ్చే తిండి మోతాదు. మొదటిదాని గరిష్ఠ వేగం రోజుకి 0.7, రెండోదానిది 0.8, సగం స్థాయి రెండింటికీ 0.5 అనుకుందాం.

ప్రతి వరసా పై వరసని చూసి లెక్కేస్తుంది. రోజు కాలమ్‌లో వరసకి 0.1 కలుపుతూ పోండి. బ్యాక్టీరియా × వేగం × 0.1 రోజు, అదీ పెరుగుదల; దాన్ని ఆ బ్యాక్టీరియా అంకెకి కలపండి. మొదటిదాని పెరుగుదలని 0.15తో భాగిస్తే (ఒక మిల్లీగ్రాము తింటే 0.15 మిల్లీగ్రాములు పెరుగుతుందని అనుకుని) అది తిన్న అమోనియా వస్తుంది. దాన్ని అమోనియాలోంచి తీసి, అదే అంకెని నైట్రైట్‌లో కలపండి. రెండోదానికైతే 0.05తో భాగించి నైట్రైట్‌లోంచి తీసేయండి. ఇక్కడ తీసి అక్కడ కలపడం, రెండింటి మధ్య సంబంధమంతా అంతే. 150 వరసలు కిందికి లాగండి.

0.1 దేనికంటారా? నేను బద్ధకించి ఒక్కో వరసకి ఒక రోజు చొప్పున లాగితే తొమ్మిదో రోజున అమోనియా మైనస్‌లోకి పోయింది. గంటసేపు సూత్రంలో తప్పు వెతికాను, తీరా చూస్తే తప్పంతా ఆ ఒక రోజులోనే ఉంది.

గ్రాఫ్ గీస్తే నైట్రైట్ ఏడో రోజు అటూ ఇటుగా 1.1కి ఎక్కి, పదో రోజుకి దిగిపోతుంది. రెండోదాని మొదటి అంకెని 0.001 చేసి చూడండి, నైట్రైట్ 1.7 దగ్గరకి పోతుంది, అమోనియా గీత మాత్రం వెంట్రుకవాసి కూడా కదలదు. అమోనియా ఒక్కటే చూసి గుంట బాగుందనుకుంటే ఎందుకు దెబ్బతింటామో ఇక్కడే కనిపిస్తుంది.

నిజం గుంటకి దగ్గర చేయాలంటే మేత నుంచి వచ్చే అమోనియాని వరసవరసకీ కలపాలి, ఆక్సిజన్‌కి కూడా మోనో సూత్రమే వాడి వేగాన్ని దాంతో గుణించాలి. ఒక గ్రాము అమోనియా నైట్రోజన్ నైట్రేట్ అయ్యేసరికి 4.57 గ్రాముల ఆక్సిజన్ లాగుతుంది, అందులో 3.43 మొదటి మెట్టులోనే పోతుంది కాబట్టి నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిన రాత్రిని వదిలేస్తే లెక్కకి అర్థం లేదు.

ఇంతవరకూ ఇచ్చేది ఒకటి, పుచ్చుకునేది ఒకటి. కానీ కొన్ని నైట్రోస్పైరాలు యూరియాని విరగ్గొట్టి అమోనియాని బయటికి వదులుతాయి. యూరియాకి ఇంకో కాలమ్ పెట్టి, అందులోంచి రెండో బ్యాక్టీరియా × యూరియా × ఒక చిన్న అంకె × 0.1 చొప్పున తీసి అమోనియాలో కలపండి. అమోనియా సున్నా, యూరియా 2 పెట్టి లాగండి. తర్వాత రెండోదాన్ని సున్నా చేసి మళ్లీ లాగండి: ఈసారి మొదటిది కూడా ఉన్నచోటే ఉండిపోతుంది.